సీ ప్రోగ్రాములున్న పాత ఇమేజ్ ప్రాసెసింగ్ పుస్తకం కొనవచ్చా? పాఠకుల అభిప్రాయాల మీద నా సమాధానం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఎం.టెక్ రెండో ఏడాదిలో ఉన్నారు. పాత పహాణీల (గ్రామ భూమి రికార్డుల) స్కాన్ ప్రతులను శుభ్రం చేసి, కాగితం నుంచి అక్షరాలను విడదీయడం మీ ప్రాజెక్టు. సీ భాషలో ప్రోగ్రాములతో సహా డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ నేర్పే ఒక పాత పాఠ్యపుస్తకం కొనమని మీ సీనియర్ చెప్పారు. తీరా పాఠకుల అభిప్రాయాలు చూస్తే ఒకరు అయిదు నక్షత్రాలిచ్చి ఆకాశానికెత్తారు, మరొకరు ఒక్క నక్షత్రమిచ్చి డబ్బు దండగ అన్నారు. "ప్రోగ్రాములు పనిచేయవు", "గణితం ఎక్కువ", "గణితమే లేదు", "పాతబడిపోయింది", "ముద్రణ బాగోలేదు" అన్న మాటలన్నీ ఒకే పుస్తకం మీద ఉన్నాయి. ఎవరి మాట నమ్మాలని అడిగారు. పుస్తకం పేరు మీరు రాయలేదు, ఫరవాలేదు. సీ ప్రోగ్రాములతో వచ్చిన ఇమేజ్ ప్రాసెసింగ్ పుస్తకాలన్నింటి కిందా దాదాపు ఇవే మాటలు కనిపిస్తాయి.

నా సమాధానం: కొనండి, కానీ పాత ప్రతి కొనండి, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. మీరు చదివిన అభిప్రాయాల్లో అబద్ధాలు తక్కువే అయి ఉంటాయి. చిక్కల్లా, రాసినవాళ్లు ఏ పని మీద ఆ పుస్తకం తెరిచారో అందులో ఉండదు. సెమిస్టర్ పరీక్ష కోసం తెరిచినవారికి, కంపెనీలో పని కోసం తెరిచినవారికి ఒకే పుస్తకం రెండు పుస్తకాలుగా కనిపిస్తుంది. మీ పని స్కాన్ చేసిన కాగితాల మీద కాబట్టి, ఆ పనికి ఏ ఫిర్యాదు అడ్డమో, ఏది కాదో విడదీసి చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్నది ఈ పనే. మొదట బాలానగర్ వైపు ఉన్న ఒక చిన్న మ్యాపింగ్ సంస్థలో ఉపగ్రహ చిత్రాల మీద, తరువాత పత్రాల స్కానింగ్ మీద పనిచేశాను. కొన్నేళ్లు సాయంత్రాలు అమీర్‌పేటలో పాఠాలు కూడా చెప్పాను.

"ప్రోగ్రాములు పనిచేయవు" అన్న ఫిర్యాదు నిజమే, అయినా దాన్ని చూసి పుస్తకం వదిలేయనక్కర లేదు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక్క నక్షత్రం అభిప్రాయాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

ఆ తరం పుస్తకాల్లోని ప్రోగ్రాములు టర్బో సీ వంటి 16 బిట్ల కంపైలర్ల కోసం రాసినవి. అక్కడ ఇంటిజర్ అంటే 16 బిట్లే, గరిష్ఠ విలువ 32,767. తెల్లని పిక్సెల్ (చిత్రంలోని ఒక చుక్క) విలువ 255 కాబట్టి, 129 తెల్లని పిక్సెళ్లను కూడేసరికి మొత్తం 32,895 అయి, ఇంటిజర్ పొంగి రుణసంఖ్యగా మారిపోతుంది. 256 అడ్డం, 256 నిలువు ఉన్న బూడిదరంగు చిత్రానికి కావలసింది 65,536 బైట్లు. మెమరీ అడిగి తెచ్చే మాలాక్ ఫంక్షన్ అప్పట్లో ఒక్కసారికి ఇవ్వగలిగింది గరిష్ఠంగా 65,535. ఒక్క బైటు తక్కువ! అందుకే ఆ ప్రోగ్రాములు చిత్రాన్ని మొత్తంగా మెమరీలోకి తెచ్చుకోకుండా ఒక్కొక్క వరుసనే ఫైలు నుంచి చదువుకుంటూ పోతాయి. ఈ సంగతి తెలియని పాఠకుడు "ఇంత చిన్న పనికి ఇంత మెలికలు తిరిగిన కోడ్ ఎందుకు" అని విసుక్కుంటాడు. అతని విసుగు న్యాయమే, రచయిత పద్ధతీ న్యాయమే.

అమీర్‌పేట రోజుల్లో ఒక విద్యార్థి ఇలాంటి పుస్తకమే పట్టుకొచ్చి, "సార్, ఇందులో మొదటి ప్రోగ్రామే తప్పు" అన్నాడు. బీఎంపీ చిత్రాన్ని చదివి, దాని వెడల్పు, ఎత్తు తెరపై చూపించే ప్రోగ్రాము అది. అతను విండోస్ లాప్‌టాప్‌లో జీసీసీ అనే ఇప్పటి కంపైలర్‌తో కంపైల్ చేశాడు. చిత్రం 256 అడ్డం, 256 నిలువు. తెర మీద మాత్రం వెడల్పు 1,67,77,216 అని వచ్చింది. పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క అక్షరం తేడా లేదు. కాగితం మీద లెక్క కడితే అప్పుడు తెలిసింది. బీఎంపీ ఫైలు మొదటి హెడర్ 14 బైట్లు. ప్రోగ్రాము దాన్ని ఒక స్ట్రక్చర్‌గా ప్రకటించి, సైజ్‌ఆఫ్ ఎంత చెబితే అన్ని బైట్లు చదువుతుంది. టర్బో సీ ఆ స్ట్రక్చర్‌కు 14 బైట్లే ఇచ్చేది. జీసీసీ మాత్రం రెండు బైట్ల గడి తరువాత వచ్చే నాలుగు బైట్ల గడిని సరైన చోట నిలపడానికి మధ్యలో రెండు ఖాళీ బైట్లు పెట్టి 16 చేస్తుంది. దాంతో రెండో హెడర్ రెండు బైట్లు ఆలస్యంగా మొదలై, వెడల్పులోని పై సగమూ ఎత్తులోని కింది సగమూ కలిసి వెడల్పుగా కనిపించాయి. 256 ను 65,536 తో హెచ్చవేస్తే సరిగ్గా ఆ కోటీ అరవై ఏడు లక్షల అంకె వస్తుంది. లాంగ్‌కు 8 బైట్లు ఇచ్చే 64 బిట్ల లైనక్స్‌లో ఇదే స్ట్రక్చర్ 32 బైట్లవుతుంది. స్ట్రక్చర్ పైన ఖాళీ బైట్లు పెట్టవద్దని కంపైలర్‌కు చెప్పే ప్యాకింగ్ 1 అన్న ప్రాగ్మా వరుస చేర్చి, లాంగ్ ఉన్నచోట 32 బిట్ల స్థిర రకం వాడితే ప్రోగ్రాము పరుగెత్తింది. ఆ విద్యార్థికి పుస్తకం నేర్పని పాఠం ఆ పూట అందింది. కానీ ఆ తప్పు తొలిరోజే అభిప్రాయంగా రాసి ఉంటే అది ఒక్క నక్షత్రమే అయ్యేది.

ఇదే బీఎంపీలో ఇంకో చిక్కు ఉంది, దీనికి మాత్రం పుస్తకాన్నే తప్పుపట్టాలి. ప్రతి వరుసా 4 బైట్ల గుణిజంతో ముగియాలి. 250 పిక్సెళ్ల వెడల్పున్న 24 బిట్ల చిత్రంలో వరుసకు 750 బైట్ల రంగులుంటే, చివర 2 సున్నా బైట్లు చేర్చి 752 చేస్తారు. ఆ రెండింటినీ వదిలేయని ప్రోగ్రాము 300 వరుసలు చదివేసరికి చిత్రం 200 పిక్సెళ్లు పక్కకు వాలిపోతుంది, పైగా మూడు వరుసల్లో రెండింటిలో రంగులు తారుమారవుతాయి. పుస్తకాల్లోని ఉదాహరణ చిత్రాలన్నీ 256 లేదా 512 వెడల్పువి కాబట్టి ఈ లోపం అక్కడ బయటపడదు. మీ పహాణీ స్కాన్ వెడల్పు అంత మర్యాదగా ఉండదు.

గణితం ఎక్కువ, గణితం లేదు అన్న రెండు మాటలూ ఒకే పుస్తకం మీద ఎలా వస్తాయంటే, మొదటివారు ఫూరియర్ (చిత్రాన్ని తరంగాలుగా విడదీసే లెక్క) అధ్యాయం దగ్గర ఆగిపోయినవారు, రెండోవారు గొంజాలెజ్, వుడ్స్‌ల పాఠ్యపుస్తకంతో పోల్చి చూసినవారు. ఆ ఇద్దరి పేర్లతో 1992లో వచ్చి, 2018లో నాలుగో కూర్పుకు చేరిన ఆ పుస్తకం సిద్ధాంతానికి పెట్టింది పేరు. మీ కళాశాల గ్రంథాలయంలో తప్పక ఉంటుంది. ప్రోగ్రాముల పుస్తకం దాని స్థానంలో నిలబడదు, నిలబడనక్కర లేదు. కూలీ, ట్యూకీ 1965లో ప్రచురించిన వేగవంతమైన ఫూరియర్ పద్ధతిని ఇలాంటి పుస్తకాలు రెండు పేజీల ప్రోగ్రాముగా ఇచ్చి ఊరుకుంటాయి, చిత్రం కొలతలు రెండు యొక్క ఘాతాలై ఉండాలన్న షరతు కూడా ఒక్కోసారి చెప్పవు. మీ ప్రాజెక్టుకు ఆ అధ్యాయం వెంటనే పనికిరాదు కాబట్టి ఈ ఫిర్యాదును మీరు పక్కన పెట్టవచ్చు.

అయిదు నక్షత్రాలవారిలో చాలామంది పరీక్ష రాసి గట్టెక్కినవారు. "యూనిట్ల వారీగా ఉంది", "ముందు రోజు చదివినా చాలు" అనే మాటలు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఆ సంతోషాన్ని నేను కాదనను, కానీ అది మీ పనికి ఆధారం కాదు.

మరి పుస్తకం మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? అభిప్రాయాలన్నీ పక్కన పెట్టి, ప్రతి పిక్సెల్‌ను చుట్టూ ఉన్న ఎనిమిదింటితో కలిపి లెక్కకట్టే 3 అడ్డం 3 నిలువు ఫిల్టర్ ప్రోగ్రాము ఉన్న పేజీ తెరవండి. నేను ఏ పుస్తకం చేతికొచ్చినా మొదట ఆ పేజీకే వెళతాను. అక్కడ మూడు సంగతులు చూస్తాను.

మొదటిది, ఫలితాన్ని వేరే అర్రేలో రాస్తున్నారా, లేక చదువుతున్న అర్రేలోనే తిరిగి రాస్తున్నారా అన్నది. అందులోనే రాస్తే, తరువాతి పిక్సెల్ లెక్కలోకి మారిపోయిన పొరుగు విలువలు వచ్చి, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి ఒక మసక పాకుతూ పోతుంది. కంటికి అది మామూలు ఫిల్టర్ ఫలితంలాగే కనిపించడం వల్ల ఏళ్ల తరబడి ఎవరూ పట్టుకోరు.

రెండోది, అంచుల దగ్గర ఏం చేస్తున్నారన్నది. మూల పిక్సెల్‌కు చుట్టూ ఎనిమిది పొరుగువి లేవు. లూప్‌ను 1 నుంచి మొదలుపెట్టి చివరి దానికి ఒకటి ముందు ఆపేస్తే అంచు నల్లగా మిగులుతుంది. అది తప్పు కాదు, కానీ రచయిత ఆ మాట ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి. మాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోని ఐఎంఫిల్టర్ ఫంక్షన్ మీరేమీ చెప్పకపోతే బయట అంతా సున్నాలున్నట్టు భావిస్తుంది. ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీలోని చాలా ఫిల్టర్లు అంచు దగ్గరి పిక్సెళ్లను అద్దంలో చూసినట్టు తిప్పి వాడతాయి. ఒకే చిత్రానికి రెండు చోట్ల వేర్వేరు జవాబులొచ్చి, "పుస్తకంలోని ఫలితం తప్పు" అని రాసిన అభిప్రాయాలు నేను చూశాను.

మూడోది, మధ్యలో వచ్చే విలువలను ఎందులో దాస్తున్నారు, చివర 0 కు 255 కు మధ్య బిగిస్తున్నారా అన్నది. అంచులు పట్టే సోబెల్ ఫిల్టర్ రుణసంఖ్యలు ఇస్తుంది. మైనస్ 20 ని అన్‌సైన్డ్ క్యారెక్టర్‌లో పెడితే 236 అవుతుంది. నల్లగా ఉండవలసిన చోట దాదాపు తెల్లని చుక్క వస్తుంది. ఇది సీ భాషకే పరిమితమైన జబ్బు అనుకోకండి. ఈరోజు పైథాన్‌లో నమ్‌పై అనే లెక్కల లైబ్రరీ వాడి 8 బిట్ల అర్రేలో 200 కు 100 కలిపితే 44 వస్తుంది. అదే పని ఓపెన్‌సీవీ యాడ్ ఫంక్షన్‌తో చేస్తే 255 దగ్గర ఆగుతుంది. తయారు లైబ్రరీలతో మొదలుపెట్టినవారు ఈ తేడాను ప్రాజెక్టు చివరి వారంలో కనుక్కుంటారు. సీ పుస్తకంతో మొదలుపెట్టినవారు మొదటి వారంలోనే దెబ్బ తిని నేర్చుకుంటారు.

ఈ దెబ్బ నాకూ తగిలింది. కార్టోశాట్-1 ఉపగ్రహం 2005లో కక్ష్యలోకి వెళ్లాక, దాని చిత్రాలు మా సంస్థకు పనికి వచ్చాయి. అవి 10 బిట్ల చిత్రాలు, అంటే పిక్సెల్ విలువలు 0 నుంచి 1023 దాకా ఉంటాయి. నేను పుస్తకంలోంచి నేర్చుకున్న హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్ని పిక్సెళ్లకుందో లెక్కపెట్టే) ప్రోగ్రాములో అర్రే పరిమాణం 256 అని రాసి ఉంది. 700 విలువ వచ్చినప్పుడు ప్రోగ్రాము అర్రే దాటి పక్క మెమరీలో ఒకటి కూడి, ఏమీ ఎరగనట్టు ముందుకు సాగింది. రెండు రోజులు కాంట్రాస్టు వింతగా వస్తుంటే ఉపగ్రహ డేటానే అనుమానించాను. ఎనిమిది బిట్లు అన్నది ప్రకృతి నియమం కాదని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. దాని కింద నేను అభిప్రాయం రాసి ఉంటే ఆ ఒక్క మాటే రాసేవాణ్ని.

మంచి పుస్తకం ఇంకొకటి చేస్తుంది: ప్రోగ్రాముకు ముందు అంకెలతో ఒక చిన్న ఉదాహరణ చూపిస్తుంది. తొమ్మిది పిక్సెళ్లు 10, 12, 11, 13, 255, 12, 11, 10, 12 అనుకోండి. నడుమనున్న 255 దుమ్ము చుక్క. సగటు తీస్తే 346 ను 9 తో భాగించి 38 వస్తుంది. చుక్క పోలేదు, పలచబడి చుట్టుపక్కలకు అంటుకుంది. అవే అంకెలను వరుసలో పేర్చి మధ్యలోని అయిదో దాన్ని తీసుకుంటే 12 వస్తుంది. చుక్క జాడే లేదు. మీడియన్ ఫిల్టర్ ఎందుకు వాడాలో చెప్పడానికి ఈ తొమ్మిది అంకెలకు మించిన వివరణ నాకు తెలిసి లేదు. ఇలాంటి ఉదాహరణ లేకుండా నేరుగా కోడ్ అచ్చువేసిన పుస్తకమైతే మళ్లీ అరలో పెట్టేయండి.

పాతబడిపోయిందా? మీ పనికి సంబంధించినంతవరకు లేదు. ఏ విలువకు పైన తెలుపు, కింద నలుపు అన్న హద్దును లెక్కకట్టే ఓట్సు థ్రెషోల్డ్ పద్ధతి 1979 నాటిది, జాన్ క్యానీ రూపొందించిన అంచుల పద్ధతి 1986 నాటిది. రెండూ ఈనాటికీ ఓపెన్‌సీవీలో రోజూ వాడే ఫంక్షన్లు. జేపెగ్‌కు మూలమైన కొసైన్ రూపాంతరం 1974లో వచ్చింది. 2012 తరువాత డీప్ లెర్నింగ్ వల్ల వస్తువులను గుర్తుపట్టే పని పూర్తిగా మారిపోయిన మాట నిజమే. దాని కోసం ఈ పుస్తకం కొంటే నిరాశపడతారు. ఆ ఫిర్యాదు చేసినవారు ఆ ఆశతోనే కొన్నారు.

అయితే ఒక లోటు మీకు తప్పకుండా తగులుతుంది. ఈ పుస్తకాలు ఓట్సుతో ఆగిపోతాయి. ఓట్సు పేజీ మొత్తానికి ఒకే హద్దు పెడుతుంది. పహాణీ రిజిస్టరు స్కాన్ చూడండి: కుట్టు వైపు కాగితం పైకి లేచి నీడ పడుతుంది, మరోవైపు కాగితం గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, సిరా కొన్నిచోట్ల వెలిసిపోయి ఉంటుంది. ఒకే హద్దుతో కుట్టు పక్క గడులన్నీ నల్లటి పట్టీగా మారి, వెలిసిన సర్వే నంబర్లు మాయమవుతాయి. మీకు కావలసినవి ప్రతి పిక్సెల్ చుట్టూ చిన్న కిటికీ తీసుకుని, ఆ కిటికీకి తగిన హద్దు కట్టే నిబ్లాక్, సావోలా పద్ధతులు. మొదటిది 1986లో, రెండోది 2000లో వచ్చింది. వీటిని పుస్తకంలోని సగటు ఫిల్టర్ ప్రోగ్రాము ఆధారంగా మీరే రాసుకోవచ్చు.

రాసేటప్పుడు పాత పుస్తకం విలువ మళ్లీ తెలుస్తుంది. ఏ4 కాగితాన్ని 300 డీపీఐతో స్కాన్ చేస్తే 2480 అడ్డం, 3508 నిలువు, అంటే దాదాపు 87 లక్షల పిక్సెళ్లు. ఒక్కొక్క దానికి 31 అడ్డం 31 నిలువు కిటికీలోని 961 విలువలు కూడితే 836 కోట్ల కూడికలు. అందుకని ముందే ఒక సంచిత మొత్తాల పట్టిక కట్టుకుని, ఏ కిటికీ మొత్తమైనా నాలుగు విలువలతో తేల్చేస్తారు. రిజిస్టరు ఏ3 పరిమాణంలో ఉంటే పిక్సెళ్లు కోటీ 74 లక్షలవుతాయి. పేజీ సగటు వెలుగు 124 దాటితే చాలు, పట్టిక చివరి గడి 32 బిట్ల ఇంటిజర్ హద్దు 2,14,74,83,647 ను దాటిపోతుంది. టర్బో సీలో 129 పిక్సెళ్లకు పొంగినది ఇక్కడ కోటిన్నరకు పైగా పిక్సెళ్లకు పొంగింది, అంతే తేడా. పట్టికను 64 బిట్లతో కట్టండి. అన్‌సైన్డ్ 32 బిట్లతో కూడా తీసివేతల్లో జవాబు సరిగానే వస్తుంది, కానీ మొదటిసారి రాసేటప్పుడు ఆ సాహసం వద్దు.

ముద్రణ గురించిన ఫిర్యాదును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వేరే పుస్తకమైతే అక్షరాలు కనిపిస్తే చాలు. ఇది బొమ్మల పుస్తకం. చవక కాగితం మీద ఫిల్టర్‌కు ముందు బొమ్మ, తరువాత బొమ్మ ఒకేలా కనిపిస్తే ఆ అధ్యాయం చదివినా చదవనట్టే. జిరాక్స్ ప్రతి అయితే బూడిదరంగు మెట్లన్నీ నలుపు తెలుపులుగా మారిపోతాయి. ఓట్సు పని జిరాక్స్ మెషీనే చేసి పెట్టినట్టు. అందుకే ఆన్‌లైన్‌లో కాకుండా చేతిలోకి తీసుకుని కొనమంటాను. కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ తిరిగితే ఇలాంటివి తగులుతాయి. అక్కడే నిలబడి, పైన చెప్పిన ఫిల్టర్ పేజీ, ఒక హిస్టోగ్రామ్ సమీకరణ (ఈక్వలైజేషన్) బొమ్మల జంట చూడండి. వెనుక అట్టకు సీడీ జేబు ఉంటుంది, సీడీ ఉండదు. ఉన్నా మీ లాప్‌టాప్‌లో దాన్ని పెట్టే చోటుండదు, కాబట్టి ధర తగ్గించమని అడగడానికి తప్ప ఆ జేబు గురించి పట్టించుకోకండి. ప్రోగ్రాములు చేత్తో టైపు చేసుకోవలసిందే.

చదివే వరుస విషయంలో పుస్తకం క్రమాన్ని పాటించనక్కర లేదు. ఫైలు చదవడం, హిస్టోగ్రామ్, థ్రెషోల్డ్, మీడియన్, ఆ తరువాత నేరుగా మార్ఫాలజీకి (ఆకారాలను సన్నబరచడం, లావు చేయడం), కలిసి ఉన్న పిక్సెళ్లను గుంపులుగా గుర్తించే అధ్యాయానికి వెళ్లండి. పహాణీలోని గడుల గీతలను అక్షరాల నుంచి విడదీయడం అక్కడే వస్తుంది. కుదింపు అధ్యాయంలో జేపెగ్ భాగం ఒక్కటి చూడండి, 8 అడ్డం 8 నిలువు గళ్లుగా కోసి కుదించడం వల్ల అక్షరాల అంచుల చుట్టూ మసక చుక్కలెందుకు వస్తాయో తెలుస్తుంది. నలుపు తెలుపుగా విడదీసిన ఫలితాలను పొరపాటున కూడా జేపెగ్‌లో దాచకండి. 0, 255 మాత్రమే ఉండవలసిన చోట 3, 249 లాంటివి చేరి, మరుసటి రోజు గుంపుల లెక్క తారుమారవుతుంది. పీఎన్‌జీ వాడండి.

పుస్తకం దొరికాక మొదటి ప్రోగ్రామును మీ పహాణీ స్కాన్ మీదే నడపండి, పుస్తకంలోని బొమ్మ మీద కాదు. బొమ్మ పక్కకు వాలితే దాని వెడల్పు ఎన్ని పిక్సెళ్లో, తెర మీద వింత అంకె వస్తే ఆ అంకె ఎంతో ఇక్కడ రాయండి, చూస్తాను.